పాండిచ్చేరిలో దొరకని కాగితం

పాండిచ్చేరి పోయొచ్చానని తెలిసిన దగ్గర్నించీ మా స్కూల్లో అందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. సముద్రం ఎలా ఉంది, అక్కడ మందు నిజంగా అంత చవకా అని. సముద్రం బాగుంది. మందు చవకే. హెడ్మాస్టరు గారైతే ఫ్రెంచి వాళ్ళ వీధుల గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని, ఉపాధ్యాయ సంఘం పత్రికలో వేయిస్తానని వెంటపడ్డారు. తిరిగొచ్చి మూడు నెలలైంది, ఇప్పటికి కుదిరింది. వీధులు కూడా వస్తాయి గానీ, నేను పోయింది వీధులు చూడటానికి కాదు. చదివేవాళ్ళు ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

బయల్దేరక ముందు

మాది పలకల ఊరు. మీ పిల్లలు అ ఆలు దిద్దే బలపం మా ఊళ్ళో ఎవరో ఒకరు రంపం ముందు కూర్చుని కోసిందే అయి ఉంటుంది. మా అన్న కాశయ్య పద్నాలుగేళ్ళు కోశాడు. రంపం రాయిలోకి దిగితే లేచే పొడి షెడ్డంతా కమ్ముకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చే మగవాళ్ళ మీసాలూ కనుబొమ్మలూ వయసుతో పని లేకుండా నెరిసి ఉంటాయి. పని దిగేటప్పుడు షావుకారు మనిషికో బెల్లం ముక్క ఇస్తాడు, గొంతులో పొడి జారిపోతుందని. పద్నాలుగేళ్ళు ఆ బెల్లం తిన్న మా అన్న నలభై ఏళ్ళకే పదడుగులు వేసి గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు.

మా ఊరి కాంపౌండరు దగ్గరికి రంపం మనిషి ఎవరు దగ్గుతూ పోయినా క్షయ అనే రాస్తాడు. పొడి వల్ల అని రాస్తే షావుకార్లకు కోపం. క్షయ అని రాస్తే ఎవరికీ కోపం లేదు, అది ఎవరింటి జబ్బు వాళ్ళది. అన్నకు అలా రాసిన రోజే కంచం, చెంబు, చాప అరుగు మీదికి వచ్చాయి. అప్పటికి వాడి కూతురికి రెండేళ్ళు. అది అరుగు వైపు అడుగేస్తే చాలు, మా వదిన నారాయణమ్మ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుపోయేది. ఆమెను తప్పుపట్టను. కంచం బయట పెట్టమని చెప్పింది నేనే. బడిలో ఆరోగ్యం పాఠం చెప్పేవాణ్ణి కదా.

మా వెనక వీధి పోలయ్యదీ ఇదే కథ. కానీ వాడు మందులూ వద్దు, కాంపౌండరూ వద్దని, ఎవరో చెబితే తిన్నగా పాండిచ్చేరి పోయాడు. ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే జబ్బుల మీద అక్కడ పరిశోధన చేస్తున్నారు. దుమ్ములో పనిచేసిన వాళ్ళకు ఊరికే పరీక్షలు చేసి, పరిశోధనలోకి తీసుకున్న ప్రతి మనిషికీ జబ్బు పేరు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఒక కాగితం ఇస్తారు. పోలయ్య కాగితంలో ఇది రాతిపొడి వల్ల వచ్చింది, అంటువ్యాధి కాదు అని ఇంగ్లీషులో ఉంది. వాడి జబ్బు నయం కాలేదు, కాదు కూడా, ఆ మచ్చలు మానేవి కావు. కానీ ఆ కాగితాన్ని నేనే కూడబలుక్కుని చదివి వాళ్ళింట్లో అర్థం చెప్పాను. ఆ పూటే పోలయ్య పిల్లల మధ్య కూర్చుని అన్నం తిన్నాడు.

అన్న ఆ మాట విన్నాడు. మర్నాడు నేను స్కూలుకు పోతుంటే అరుగు మీద నుంచి పిలిచాడు. "ఆ కాగితం నాకూ తెప్పీరా. బతుకుతానని గాదు. పిల్లదాన్ని ఒకసారి ఎత్తుకోవాల."

బజారు వీధి ఇల్లు

రైళ్ళూ బస్సులూ వదిలేస్తున్నాను, ఎవరు పోయినా అవే బాధలు. పాండిచ్చేరిలో మేం దిగింది కన్నయ్య శెట్టి గారి ఇంట్లో. బోర్డు మీద మాత్రం పి. కన్నయ్య అని ఉంటుంది, ఆ ఊళ్ళో పేరుకు ముందు ఒక అక్షరం లేకపోతే మనిషికి విలువ లేదు. బజారు వీధిలో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు నిండా పలకలే, మా ఊరి పలకలే. అన్న గుమ్మం దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఒక బలపాల పెట్టెను చేత్తో తడిమాడు. ఇదెవరి రంపం మీద కోసిందో చెప్పగలనన్నాడు. నమ్మాను.

మా ఊళ్ళో పలకల వ్యాపారం చేసే ఒకాయన శెట్టి గారికి ఒక జాబు రాసి, అంటించి ఇచ్చాడు. శెట్టి గారు దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, నవ్వి నా చేతిలోనే పెట్టారు.

"మాకు తెలుగు మాట్లాడను వస్తుంది సార్, చదవను రాదు. నా పెండ్లి పత్రిక కూడా అరవంలోనే వేసినారు. మీరే చదివి చెప్పండి."

తాతల తాతల నాడు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగే, కానీ అక్షరం ముక్క ఎవరికీ రాదు. నేను గొంతు సవరించుకుని చదివాను. కుశల ప్రశ్నలు అయ్యాయి, సరుకు సంగతి అయింది. ఆ తర్వాత ఇలా ఉంది: ఈ వచ్చిన కాశయ్యకు క్షయ, లోపలికి రానీయవద్దు, వాకిట్లో చోటిస్తే చాలు. ఆ వాక్యం దగ్గర నా నాలుక ఆగింది. దాన్ని దాటేసి, మీ దయ ఉంచవలెను అన్న దగ్గర మళ్ళీ అందుకున్నాను. జీవితంలో పాఠం మధ్యలో వాక్యం దాటేయడం అదే మొదటిసారి.

శెట్టి గారి భార్య తాయారమ్మ గారు కూడంలో, అంటే వాళ్ళ నడిమింట్లో, వరసగా ఆకులు వేశారు. అన్న ఆకు శెట్టి గారి పక్కనే. అన్న కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఆయాసం అనుకున్నారు వాళ్ళు. రెండేళ్ళుగా వాణ్ణి పంక్తిలో ఎవరూ కూర్చోబెట్టలేదని నాకు తెలుసు. వత్తకొళంబు అనే పులుసు, పొరియల్ అని అరటికాయ వేపుడు, అప్పడం, మిరియాల రసం. కారం లేదు, గోంగూర లేదు, అన్నీ చప్పచప్పగా తోచాయి నాకు. అన్న మాత్రం ఒక్క మెతుకు వదల్లేదు. తాయారమ్మ గారు, పోటీ పడి తింటే గానీ ఒప్పుకోనన్నట్టు వడ్డిస్తూనే ఉన్నారు. నేను కాలు చాపుకోవడానికన్నట్టు నా ఆకును అన్న నుంచి ఒక మూర ఇవతలికి జరుపుకున్నాను.

భోజనాలయ్యాక శెట్టి గారి మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, వచ్చి అన్న ఒళ్ళో ఎక్కి కూర్చుంది. వాడు చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నా వైపు చూశాడు. ముట్టుకోవచ్చా అని అడుగుతున్నాడు. ఒకవేళ నిజంగా క్షయే అయితే? ముక్కూ మొహం తెలియని మనుషుల ఇంట్లో ఏం పాపం మూటగట్టుకుంటున్నాను? పోలయ్యకు లేదు కదా, వీడికీ ఉండదులే అని నాకు నేనే చెప్పుకుని తల వేరేవైపు తిప్పుకున్నాను. అన్న పిల్ల వీపు మీద చెయ్యి వేశాడు.

సముద్రం ఒడ్డున

మర్నాడు సాయంత్రం శెట్టి గారు మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయారు. బజారుకూ తెల్లవాళ్ళ పేటకూ మధ్య ఒక మురిక్కాలువ ఉంది. అది దాటితే వేరే దేశం. వీధులు గీత గీసినట్టు ఉంటాయి, ఇళ్ళకు పసుపు సున్నం, ఎత్తయిన తలుపులు, పోలీసులకు ఎర్ర టోపీలు. జనం అరవరు, సైకిళ్ళ మీద మెల్లగా పోతుంటారు. హెడ్మాస్టరు గారికి కావలసింది ఇదే, కాబట్టి ఇంకో మాట కూడా రాస్తున్నాను: ఒడ్డున ఇసుక కన్నా రాళ్ళు ఎక్కువ. మా అన్న అక్కడ కూడా రాళ్ళే చూశాడు, ఇది కోతకు పనికిరాదు అన్నాడు.

బెంచీ మీద ఒక ముసలాయన కలిశాడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడట, ఎక్కడో ఇండోచైనాలో, అంటే వియత్నాం వైపు, యుద్ధంలో తుపాకి దెబ్బ తగిలిందట. శెట్టి గారు బాగా ఎరిగిన మనిషే. చొక్కా ఎత్తి పక్కటెముకల మీద మచ్చ చూపించాడు, బొటనవేలంత. ఈ మచ్చకు ఫ్రాన్సు దేశం నుంచి ఇప్పటికీ పింఛను వస్తుందనీ, ఏటేటా కాగితం మీద ముద్ర పడుతుందనీ శెట్టి గారు మాకు తెలుగులో చెప్పారు. ముసలాయన మంచివాడు, మాకు కాఫీ తాగించాడు, గ్లాసు ముప్పావలా. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంత మచ్చకు సముద్రం అవతలి దేశం కాగితం రాసి ఇచ్చింది. మా అన్న ఛాతీ నిండా ఉన్న మచ్చలకు మా ఊరి షెడ్డు బెల్లం ముక్క ఇచ్చింది.

అన్న కాఫీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆ ముసలాయన పక్కటెముకల వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత, కనపడే చోట తగిలింది, అదృష్టవంతుడు అన్నాడు.

పరిశోధన జరిగే ఇల్లు

ఆ చోటు పేరు రాయను, రాసినా ఇప్పుడు లాభం లేదు. తెల్లవాళ్ళ పేటలోనే ఒక పాత దొరల ఇంట్లో ఉంది. మొదటి రోజు కఫం తీసుకున్నారు, ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీశారు, ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నారు. గొట్టం అవతల ఒక డ్రమ్ము, దాని మీద కాగితం, కాగితం మీద ఒక ములుకు గీత గీస్తుంది. పక్కన పరీక్షకు వచ్చిన ఒక రైతు గీత పైదాకా లేచింది. అన్న గీత లేవబోయి కూలబడింది. ఇంకోసారి, ఇంకోసారి అని ఊదించారు. అన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం నల్లబడింది. మూడోసారి అయ్యాక వాడు నన్ను చూసి, తక్కువ వస్తే తీసుకోరేమో అన్నాడు. తక్కువ వస్తేనే తీసుకుంటారని చెప్పలేకపోయాను.

మూడో రోజు ఫలితాలు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట నెమ్మది. ఆమెకు తెలుగు రాదు, నా ఇంగ్లీషు పలక మీది ఇంగ్లీషు. అందుకని శెట్టి గారు కొట్టు మూసుకుని మాతో వచ్చి, ఆమె అరవంలో చెప్పింది మాకు తెలుగులో చెబుతూ కూర్చున్నారు. అన్న ఫోటోను వెలుగు పెట్టెకు తగిలించారు. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు, పైభాగంలో ఇంకా చిక్కగా. ఆమె ఇద్దరు విద్యార్థులను పిలిచింది. వాళ్ళు వేలు పెట్టి చూపిస్తూ, తలలూపుతూ ఏవేవో రాసుకున్నారు. ఇంత స్పష్టమైన ఫోటో దొరకడం అరుదు అంటున్నారని శెట్టి గారు చెప్పారు. అన్న వాళ్ళ వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ వాడి వైపు తిరగలేదు.

తర్వాత ఆమె ఒక ఫారం తీసింది. ఎన్నేళ్ళు రంపం మీద? పద్నాలుగు. బీడీ? లేదు. ముక్కుకు గుడ్డ? కడితే ఊపిరాడేది కాదు. ఒక్కో గడీ నిండుతోంది. నాకు ఆనందంతో కాళ్ళు నిలవడం లేదు. అప్పుడు ఆమె, ఎప్పుడైనా క్షయ వచ్చిందా అని అడిగింది.

అన్న లేదన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. తనకు క్షయ లేదని వాడు మొదటి నుంచీ అంటూనే ఉన్నాడు. అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ పదహారేళ్ళుగా పిల్లల జవాబులు దిద్దే నోరు ఇది, తప్పు వినపడితే ఆగదు. "ఉందండీ, ఉంది" అని లేచి, సంచిలోంచి మందుల కార్డు తీసి ఆమె బల్ల మీద పెట్టాను. పద్దెనిమిది నెలల ముద్రలు, ఒక్క నెలా తప్పలేదు. నేనే తెచ్చిచ్చాను, నేనే మింగించాను. హాజరు పట్టీలా చూసుకున్నాను ఆ కార్డుని. ఇంత క్రమంగా మందులు వాడిన రోగిని చూసి ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె పెన్ను ఆగిపోయింది. కార్డు చూసింది, ఫారం చూసింది. ఫారం మీద పైనుంచి కిందికి గీత కొట్టేసింది.

శెట్టి గారు ఒక్కో ముక్కా విని చెప్పసాగారు. క్షయ మానినా లోపల మచ్చ మిగులుతుందట. రాతిపొడీ మచ్చే మిగులుస్తుందట. రెండూ కలిసిన మనిషిని తీసుకుంటే ఏ మచ్చ దేనివల్ల వచ్చిందో తేలదట, అందుకని క్షయ మందులు వాడినవాళ్ళను ఈ పరిశోధనలో చేర్చుకోరట. ఆ మందులు కాంపౌండరు అందరికీ ఇస్తాడమ్మా, అది జబ్బు చూసి ఇచ్చింది కాదు అని నేను చెప్పాను. చేతులు జోడించాను. అన్నకు క్షయ ఉందా లేదా అదొక్కటి చెప్పమని అడిగాను.

ఆమె తల దించుకుని చెప్పింది. శెట్టి గారు తన నోటితో దాన్ని తెలుగు చేశారు.

"కఫంలో ఒక్క పురుగూ లేదంట సార్. ఆమె కంటికి ఇది రాతిపొడేనంట. ఇంకొకరికి ఒట్టదు అంటా ఉండారు."

ఒట్టదు అంటే అంటుకోదని. ఆ ఒక్క ముక్క రాసివ్వమన్నాను. పరిశోధనలో లేనివాళ్ళకు కాగితం ఇచ్చే అధికారం తనకు లేదంది. పెద్ద డాక్టరు నియమమట. కనీసం ఫోటో ఇవ్వమన్నాను. అది ఇక్కడే ఉంచుకుంటారట, విద్యార్థులకు చూపించడానికి.

అన్న అంతా విన్నాడు. బయట మెట్ల మీద ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "బొమ్మ కావాలంట, మనిషి వద్దంట" అన్నాడు. నా మీద ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

తిన్నె మీద

పొద్దున అక్కడికి ముగ్గురం ఒకే రిక్షాలో పోయాం. తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు శెట్టి గారు బ్యాంకులో పనుందని వేరే రిక్షా ఎక్కారు. మేం ఇల్లు చేరేసరికి ఆయన మాకన్నా ముందే ఉన్నారు. మా సంచులు వీధి తిన్నె మీద ఉన్నాయి. లోపల కూడం కడిగిన నీళ్ళు ఇంకా కాలవలోకి పారుతున్నాయి. పసుపు వాసన. అన్న ఒళ్ళో కూర్చున్న పాప లోపల్నించి ఏడుస్తోంది, ఎవరో దాన్ని తల మీద నీళ్ళు పోసి తోముతున్నారు.

"తప్పుగా అనుకోబాకండి సార్" అన్నారు శెట్టి గారు. నా మొహం చూడకుండా పలకల కట్ట సర్దుతూ అన్నారు. "ఇంట్లో చిన్నపిల్లకాయలుండారు. డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. అది మాట. కార్డులో ముద్ర ఉంది గదా."

తర్వాత, ఆ జాబులో ఈ సంగతి రాశారా అని అడిగారు. రాశారని చెప్పాను. నన్ను నమ్మి జాబు నా చేతికిచ్చిన మనిషి ఆయన. ఒట్టదు అని పలికిన నోరూ ఆయనదే. ఇందులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఈనాటికీ తెలియడం లేదు. తాయారమ్మ గారు తిన్నె మీదికి ఎవరిచేతా పంపకుండా ఆకులు తనే తెచ్చి, దూరంగా నిలబడి వడ్డించారు. కళ్ళు తుడుచుకుంటూనే వడ్డించారు, కానీ గరిటె ఎత్తు నుంచే పోశారు. అన్న అలవాటు పడ్డవాడు కాబట్టి తిన్నాడు. నేను ఆకలి లేదని కొట్టు ముందు నిలబడ్డాను.

తిరుగు దారి

బస్సు మధ్యలో ఒక ఊళ్ళో అరగంట ఆగింది. ఇడ్లీలు బాగుంటాయని ఎవరో అంటే రెండు పొట్లాలు కట్టించాను. ఒకటి అన్నకు కిటికీలోంచి అందించి, రెండోది నేను టీ కొట్టు దగ్గర నిలబడి తిన్నాను. ఆ చట్నీ మాత్రం మా వైపు దొరకదు, పుదీనా కలుపుతారు. ఇడ్లీలు నాలుగు రూపాయిన్నర.

ఇల్లు

వదిన వాకిట్లోనే ఎదురుచూస్తోంది. పిల్లకు తల దువ్వి, ఉతికిన గౌను వేసింది. అన్న అరుగు మీద చతికిలబడగానే ఆమె నా చేతి సంచి వైపు చూసింది.

"కాగితం యాడ?"

అంతా చెప్పాను. నా నోటిదూల కూడా దాచలేదు. చివర, కాగితం లేకపోతే ఏం వదినా, అంటదని డాక్టరమ్మే చెప్పింది, నా చెవులతో విన్నాను, నా మాట నమ్ము, వాణ్ణి లోపలికి పిలువు అన్నాను. ఊళ్ళో నా మాటకు విలువుంది. స్కూలు మాస్టర్ని.

ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు. నమ్మాలనే చూస్తోంది, మొహంలో తెలుస్తూనే ఉంది. ఒక్కటే అడిగింది.

"ఆయమ్మ ఆ మాట చెప్పినాక, నువ్వు మీ అన్న పక్కన కూచోని తిన్నావా?"

నేను చెప్పడానికి నోరు తెరిచాను. బస్సు కిటికీ, టీ కొట్టు, చేతిలో పొట్లం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆకలి లేదని నిలబడ్డ పూట కూడా గుర్తొచ్చింది. అసలు ఆ రోజు నాకు ఆకలిగానే ఉంది. లేదని తల అడ్డంగా ఊపాను.

వదిన పిల్లను ఎత్తుకుని లోపలికి తిరిగింది. అరుగు మీద నుంచి అన్న, ఆయాసం ఆపుకుంటూ, ఆమె వెనకే పిలిచి చెప్పాడు.

"వాణ్ణేం అనబాక. వాడికీ పిల్లలుండారు."